ఎక్కేముందే దిగే లెక్క వేసుకోండి

"మాస్టారూ! అరకు ప్లాను వేసేశాం. ఎక్కేటప్పుడు వ్యాను, దిగేటప్పుడు సైకిలు. కష్టమంతా వ్యానుది, సుఖమంతా మనది!"

నిరుడు దసరా సెలవులయ్యాక మా తొమ్మిదో తరగతి పిల్లలు ఎనిమిది మంది ఒక కాగితం పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చారు. మా బడి తూర్పు కనుమల కొండ కింద, శృంగవరపుకోటకు దగ్గరలో ఉంది. విశాఖపట్నం నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. అందులో దాదాపు 50 కిలోమీటర్లు వస్తే శృంగవరపుకోట. అక్కడి నుంచి కాసేపట్లోనే ఘాట్ మొదలవుతుంది. పిల్లల ప్లాను ఏమిటంటే, వ్యాను మీద సైకిళ్లు కట్టుకుని అరకు వెళ్లడం, ఒక రాత్రి ఉండడం, మర్నాడు అనంతగిరి దగ్గర వ్యాను ఆపి సైకిళ్లు దించుకుని ఘాట్ అంతా జర్రున జారిపోవడం.

కాగితం మీద కిలోమీటర్లున్నాయి, ఊళ్ల పేర్లున్నాయి, ఎక్కడ టిఫిను, ఎక్కడ భోజనం అన్నీ ఉన్నాయి. ఒక్కటి మాత్రం లేదు. అది ఎత్తు.

"ప్లాను బాగుంది. మీ వయసు దాటిన కొత్తలో నేనూ ఇదే ప్లాను వేశాను" అన్నాను. పిల్లల ముఖాలు వెలిగిపోయాయి. "తర్వాతేమైందో కూడా వినండి" అనేసరికి కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. మీరూ కూర్చోండి. కథ చిన్నదే. దాని వెనక ఉన్న లెక్క మాత్రం కొండ ప్రయాణం చేసే ప్రతివాళ్లకూ కావాలి.

బ్రేకు రబ్బరు వాసన

1991లో నేను డిగ్రీ చదువుతున్నాను. నేనూ, నా స్నేహితుడూ రెండు మామూలు సైకిళ్లు బస్సు టాపు మీద వేయించుకుని అనంతగిరి వెళ్లాం. అవి కడ్డీ బ్రేకుల సైకిళ్లు. లివరు నొక్కితే ఇనుప కడ్డీలు రబ్బరు ముక్కలను లాగి రిమ్ముకు ఒత్తుతాయి. పొద్దున్నే మంచు కురుస్తూ ఉండగా దిగడం మొదలుపెట్టాం. మొదటి రెండు కిలోమీటర్లు స్వర్గంలో ఉన్నట్టే అనిపించింది. పెడలు తొక్కే పనే లేదు.

తర్వాత ఏదో మాడుతున్న వాసన వచ్చింది. ఎవరో అడవిలో మంట వేశారనుకున్నాం. ఆ వాసన మా బ్రేకు రబ్బర్లదే. ఇంకొంచెం దూరం పోయాక లివరు ఎంత గట్టిగా నొక్కినా వేగం తగ్గలేదు. ముందు వెళుతున్న నా స్నేహితుడికి ఒక వంపులో ఎదురుగా లారీ కనిపించింది. కుడివైపు లోయ, ఎడమవైపు కొండ. అతను బుద్ధిగా కొండవైపు కాలువలోకి తిప్పాడు. ప్రాణం దక్కింది కాని మెడ దగ్గరి కాలరు ఎముక విరిగింది. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి భుజం పైకి పూర్తిగా లేవదు.

బ్రేకులు పాతవా? కాదు, ముందురోజే కొత్త రబ్బర్లు వేయించాం. మరి ఎందుకు పట్టలేదు? ఈ ప్రశ్నకు జవాబు మీ తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. నా పుస్తకంలోనూ ఉండేది. దాన్ని కొండ మీదకు తీసుకెళ్లాలని నాకు తోచలేదు, అంతే.

ఎత్తు అంటే దాచిన శక్తి

ఒక వస్తువును పైకి ఎత్తితే మనం చేసిన పని దానిలో స్థితిజశక్తి రూపంలో దాగి ఉంటుంది. దాని విలువ ద్రవ్యరాశి, గురుత్వ త్వరణం, ఎత్తు, ఈ మూడింటి లబ్ధం. మీ బరువు 50 కిలోలు, సైకిలు బరువు 15 కిలోలు అనుకుందాం. లెక్క సులువు కోసం ఘాట్ ఎత్తు 1000 మీటర్లనుకుందాం.

65 × 9.8 × 1000 = 6,37,000 జౌళ్లు, అంటే 637 కిలో జౌళ్లు.

ఈ అంకె పెద్దదా, చిన్నదా? మామూలు విద్యార్థి చాలాసేపు ఆగకుండా తొక్కితే సుమారు 75 వాట్ల సామర్థ్యంతో పనిచేయగలడనుకోండి. మీ తరగతిలో తిరిగే పాతరకం సీలింగు ఫ్యాను వాడే కరెంటు దాదాపు అంతే. 637 కిలో జౌళ్ల పని చేయడానికి ఆ లెక్కన 8,500 సెకన్లు, అంటే దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఇది కేవలం పైకి ఎత్తడానికి. గాలి నిరోధం, చక్రాల దొర్లుడు నిరోధం అదనం.

మన కండరాలు తిన్న ఆహారంలోని శక్తిలో దాదాపు నాలుగో వంతునే పనిగా మారుస్తాయి. మిగతా మూడు వంతులు వేడిగా పోతుంది. అందుకే కొండెక్కేటప్పుడు చెమటలు కారిపోతాయి. కాబట్టి 637కు నాలుగు రెట్లు, అంటే సుమారు 2,550 కిలో జౌళ్లు ఆహారం నుంచి రావాలి. అది 600 కిలో కాలరీలకు పైమాటే. ఒక మోస్తరు అరటిపండు 100 కిలో కాలరీలు ఇస్తుందనుకుంటే ఆరు అరటిపళ్లు! చెమటగా పోయిన నీరు మళ్లీ తాగడం వేరే లెక్క.

వ్యాను ఎక్కించుకుంటే ఈ పనంతా డీజిలు చేస్తుంది. పన్నెండు మంది పట్టే వ్యాను మనుషులతో, సామానుతో, సైకిళ్లతో కలిపి 3 టన్నులుంటుందనుకోండి. 1000 మీటర్లు ఎత్తడానికి 294 లక్షల జౌళ్లు కావాలి. ఇంజను డీజిలు శక్తిలో మూడోవంతును పనిగా మార్చినా, రెండున్నర లీటర్ల డీజిలు ఉత్త ఎత్తడానికే ఖర్చవుతుంది. మా పిల్లలన్న మాట ఇంతవరకు నిజమే. కష్టం వ్యానుదే.

కాని శక్తి నశించదు గదా! పైకి ఎక్కేటప్పుడు దాచిన 637 కిలో జౌళ్లు దిగేటప్పుడు ఎక్కడికి పోతాయి?

బ్రేకు ఒక పొయ్యి

మీరు కొండ దిగువకు చేరి ఆగిపోతారు. అప్పుడు మీ దగ్గర స్థితిజశక్తి లేదు, గతిజశక్తీ లేదు. అంటే మొత్తం శక్తి దారిలోనే వేడిగా మారిపోయిందన్నమాట. కొంత గాలిని నెట్టడంలో, కొంత చక్రాల కింద పోయింది. నిదానంగా, జాగ్రత్తగా దిగితే గాలి వాటా బాగా తగ్గి, ఎక్కువ భాగం బ్రేకుల్లోకే వెళుతుంది.

లీటరు నీటిని 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీల సెంటీగ్రేడుకు వేడి చేయడానికి సుమారు 294 కిలో జౌళ్లు కావాలి. 637 కిలో జౌళ్లంటే రెండు లీటర్లకు పైగా నీళ్లు మరగడానికి సరిపడే వేడి! ఇందులో సగం పోయినా లీటరు నీళ్లు మరుగుతాయి. ఈ వేడంతా పుట్టేది బొటనవేలంత రబ్బరు ముక్కలు రిమ్మును రాసుకునే చోట. వేడి గాలిలోకి పోయే వేగం కంటే పుట్టే వేగం ఎక్కువైతే రబ్బరు మెత్తబడుతుంది, పైన నున్నగా గాజుపొర కట్టినట్టవుతుంది. అప్పుడు దాని ఘర్షణ తగ్గుతుంది. పట్టు తగ్గిందని మనం ఇంకా గట్టిగా నొక్కుతాం, వదలకుండా పట్టుకుంటాం. రబ్బరు మరింత కాలుతుంది. 1991లో మాకు జరిగింది ఇదే.

దీనికి మంచు తోడైంది. ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు బ్రేకు పట్టు బాగా పడిపోతుంది. వానలో సైకిలు తొక్కిన వాళ్లందరికీ ఇది అనుభవమే.

పేరే చెప్పే కథ

ఈ కష్టం మాకు ఒక్కరికే వచ్చింది కాదు. గేర్లూ లావుపాటి టైర్లూ ఉన్న 'మౌంటెన్ బైకు' పుట్టిన చోటే ఈ కథ జరిగింది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, మరీన్ కౌంటీలో కొందరు యువకులు పాతకాలపు లావు టైర్ల సైకిళ్లను బాగుచేసుకుని, వాహనాల్లో కొండ మీదకు చేర్చి, మట్టిదారుల్లో దిగేవారు. చూశారా, వాళ్ల ప్లానూ మా పిల్లల ప్లాను లాంటిదే!

ఆ సైకిళ్లకు పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. అది వెనక చక్రం హబ్బు లోపల ఉంటుంది. అక్కడ ఒక దారి రెండు మైళ్ల పైచిలుకు దూరంలో 1,300 అడుగులు, అంటే దాదాపు 400 మీటర్లు దిగుతుంది. మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలనుకుంటే 392 కిలో జౌళ్లు! కిందికి చేరేసరికి హబ్బులోని గ్రీజు వేడికి పొగై పోయేది. మళ్లీ దిగాలంటే హబ్బు విప్పి కొత్త గ్రీజు కూరాల్సిందే. 'మళ్లీ కూరడం' అనే అర్థం వచ్చే 'రీప్యాక్' అన్న మాటే ఆ దారికి పేరైపోయింది. 1976 అక్టోబరులో అక్కడ మొదటి పందెం జరిగింది. మరుసటి ఏడాది జో బ్రీజ్ అనే యువకుడు ఈ పనికోసమే కొత్తగా చట్రం కట్టి సైకిలు తయారుచేశాడు. మౌంటెన్ బైకు చరిత్రలో బ్రేకు వేడికి అంత చోటుంది. ఈనాటి మంచి మౌంటెన్ బైకులకు డిస్కు బ్రేకులుంటాయి. రిమ్ముకు దూరంగా, గాలి తగిలేలా ఉన్న ఉక్కు పళ్లెం ఆ వేడిని భరిస్తుంది, త్వరగా వదిలించుకుంటుంది.

వ్యాను మాత్రం తక్కువ తిన్నదా?

"అయితే వ్యానులోనే దిగుదాం. దానికి పెద్ద బ్రేకులుంటాయి గదా" అన్నాడు ఒక కుర్రాడు. లెక్క వేయమన్నాను. 294 లక్షల జౌళ్లను లీటరుకు 2.94 లక్షల చొప్పున భాగిస్తే సరిగ్గా 100. అంటే 100 లీటర్ల నీళ్లు మరిగించే వేడి! రెండు పెద్ద డ్రమ్ముల నీళ్లు కాచే పొయ్యిని నాలుగు చక్రాల దగ్గర పెట్టుకుని దిగుతున్నామన్నమాట.

అందుకే అనుభవమున్న డ్రైవర్లు ఘాట్ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు వాడిన చిన్న గేరునే దాదాపు వాడతారు. చిన్న గేరులో ఉంటే చక్రాలే ఇంజనును తిప్పాలి. ఇంజను సులువుగా తిరగదు, చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. శక్తిలో చాలా భాగం ఇంజనులో ఖర్చై, రేడియేటరు నుంచీ పొగగొట్టం నుంచీ బయటికి పోతుంది. బ్రేకులకు మిగిలేది కొంచెమే.

కొందరు డీజిలు ఆదా అవుతుందని న్యూట్రల్ చేసి దిగుతారు. కొందరు ఇంజనే ఆపేస్తారు. ఇది ప్రాణాలతో చెలగాటం. భారమంతా బ్రేకుల మీద పడుతుంది. బ్రేకు గొట్టాల్లోని నూనె గాలిలోని తేమను పీల్చుకునే రకం. పాతబడి నీరు చేరిన నూనె వేడికి మరిగి ఆవిరి బుడగలు కడితే, పెడలు నొక్కినప్పుడు బుడగలే నొక్కుకుపోతాయి, బ్రేకు పడదు. ఇంజను ఆపితే బ్రేకుకు అందే సహాయం కూడా పోతుంది. 2021 ఫిబ్రవరిలో ఈ ఘాట్‌లోనే, డముకు దగ్గర, పర్యాటకుల బస్సు ఒకటి లోయలో పడి కొందరు చనిపోయారు. కొండ దారిని తేలిగ్గా తీసుకోకూడదని చెప్పడానికి ఇది చాలు.

వంపు అవతల ఏముందో?

అప్పటికి మా పిల్లలు కాస్త మెత్తబడ్డారు. వాళ్లలో ఒక అమ్మాయి మాత్రం ఊరుకోలేదు. "మాస్టారూ, రెండు కిలోమీటర్లకు ఒకసారి ఆగి బ్రేకులు చల్లార్చుకుంటే?" అంది. మంచి ప్రశ్న. అలవాటున్న వాళ్లు చేసేదీ అదే. వదలకుండా పట్టుకోకుండా, కాసేపు నొక్కి, కాసేపు వదిలి, రెండు బ్రేకులూ కలిపి వాడి, వంపు రాకముందే వేగం తగ్గించుకుని, మధ్యమధ్య ఆగుతారు. అలా చేస్తే వేడి సమస్య తీరుతుంది. కాని ఇంకో సమస్య మిగిలి ఉంది. అది ఆగే దూరం.

100 మీటర్లకు 6 మీటర్లు దిగే వాలులో బ్రేకు వేయకుండా వదిలేస్తే మీ సైకిలు గంటకు 35 కిలోమీటర్ల పైనే వేగం అందుకుంటుంది. 36 అనుకోండి, అంటే సెకనుకు 10 మీటర్లు. ఎదురుగా ఏదో కనిపించి చెయ్యి బ్రేకు నొక్కేసరికి ఒక సెకను పోతుంది. అందులోనే 10 మీటర్లు పోయారు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకు ప్రతి సెకనుకూ 5 మీటర్ల వేగం తగ్గిస్తుందనుకుంటే, ఆగడానికి ఇంకో 10 మీటర్లు కావాలి. మొత్తం 20 మీటర్లు. ఘాట్ వంపులో మీకు 15 మీటర్లే కనిపిస్తోంది, అవతల ఆవు పడుకుని ఉంది. ఏం చేస్తారు?

అదే వేగం సగమైతే? మొదటి సెకనులో 5 మీటర్లు, ఆగడానికి రెండున్నర మీటర్లు, మొత్తం ఏడున్నర. గమనించారా? వేగం సగమైతే బ్రేకు వేసి ఆగే దూరం సగం కాలేదు, నాలుగో వంతయింది. ఎందుకంటే గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. రోడ్డు తడిగా ఉండి పట్టు సగమైతే ఆ దూరం రెండింతలవుతుంది. ఇది పొడి లెక్క, చదును రోడ్డు లెక్క. వాలులో ఇంకొంచెం కలపాలి.

అనంతగిరి ఘాట్‌లో లారీలు, బస్సులు, సెలవురోజుల్లో లెక్కలేనన్ని కార్లు. మా ఎనిమిది మందిలో గేర్ల సైకిళ్లున్నది ముగ్గురికి. మిగతావి బడికి తొక్కుకొచ్చే మామూలు సైకిళ్లు. పిల్లలు కాగితం మీద అంకెలు చూశారు, ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. నేను వద్దనలేదు. ఆ అమ్మాయే కలం తీసుకుని 'దిగేటప్పుడు సైకిలు' అన్న వాక్యం కొట్టేసింది.

మరి సైకిలు ఎక్కడ?

ప్లాను రద్దు కాలేదు, తిరగబడిందంతే. ఎత్తును వ్యానుకు అప్పగించాం, చదునును సైకిళ్లకు ఉంచుకున్నాం. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలున్న లోయ. ఘాట్ అనంతగిరి దాటి గాలికొండ దగ్గర అరకు కంటే ఎత్తుకు వెళ్లి, మళ్లీ లోయలోకి దిగుతుంది. అందుకే గమ్యం ఎత్తు ఒక్కటే చూస్తే చాలదు, దారిలోని ఎత్తుపల్లాలన్నీ చూడాలి. లోయ లోపలి దారుల్లో చిన్నచిన్న మిట్టలే ఉంటాయి. పాడేరు వైపు వెళితే చాపలా పరుచుకున్న రాతి మీద నీరు పారే చాపరాయి వస్తుంది. నవంబరులో దారి పక్క చేలల్లో వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుంటాయి.

చిన్న మిట్టలైనా గేర్లు కావాలి. ఎందుకో చూడండి. మామూలు సైకిలుకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్నాయనుకోండి. పెడలు ఒకసారి తిరిగితే చక్రం దాదాపు రెండున్నరసార్లు తిరిగి, సైకిలు 5.4 మీటర్లు పోతుంది. 6 శాతం వాలులో అంటే ప్రతి పెడలు చుట్టుకూ మీరు 32 సెంటీమీటర్లు పైకి లేస్తున్నారు, దాదాపు రెండు మెట్లు! మౌంటెన్ బైకులో ముందు 22 పళ్లు, వెనక 34 పళ్లు పెట్టుకుంటే ఒక చుట్టుకు 1.3 మీటర్లే పోతుంది, 8 సెంటీమీటర్లే లేస్తారు, అంటే సగం మెట్టు. బలం నాలుగో వంతు చాలు, కాని నాలుగు రెట్లు చుట్లు తొక్కాలి. చేసే పని మారదు. ఘాట్ రోడ్డును మెలికలు మెలికలుగా వేయడమూ ఇదే సూత్రం. దూరం పెరుగుతుంది, వాలు తగ్గుతుంది.

లావు టైర్ల సంగతి కూడా చెప్పాలి. టైరులో గాలి పీడనం సగానికి తగ్గిస్తే నేలను తాకే వైశాల్యం దాదాపు రెట్టింపవుతుంది. మెత్తని మట్టిలో దిగబడదు, గులకరాళ్ల మీద జారదు. గట్టి తారురోడ్డు మీద మాత్రం అదే టైరు తొక్కడానికి బరువనిపిస్తుంది.

కిటికీ పక్కన కూర్చున్నవాడి పని

వ్యానులో ఎక్కడమంటే నిద్రపోవడం కాదని ముందే చెప్పాను. ప్రతి ఒక్కరికీ ఒక పని. ఒకరు థర్మామీటరు చూడాలి. ఎండ తగలకుండా పట్టుకుంటే 1000 మీటర్లకు ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడడం కనిపిస్తుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ వచ్చే తేడాను మాత్రం మరిచిపోకూడదు. ఇంకొకరు బొరుగుల పొట్లం, గాలి నింపి అతికించిన చిప్సు పొట్లం పక్కపక్కన పెట్టుకోవాలి. టైడ దాటి పైకి పోయేకొద్దీ చిప్సు పొట్లం ఉబ్బింది, బొరుగుల పొట్లం ఉబ్బలేదు. దానికి చిల్లులున్నాయి గదా! వెయ్యి మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం కంటే దాదాపు పదోవంతు తక్కువ. చెవులు దిబ్బెళ్లు పడడమూ ఇందుకే. గుటక వేస్తే సర్దుకుంటుంది.

రోడ్డు కోసిన చోట ఎర్రబారిన రాయి కనిపిస్తుంది. దాని పేరు ఖోండలైటు. ఈ కొండల్లో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద శాస్త్రజ్ఞులు పెట్టిన పేరది. ఇంకా పైకి వెళితే సిల్వర్ ఓకు చెట్ల నీడలో కాఫీ తోటలు, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎదుటి కొండ మీద కొత్తవలస - కిరండూల్ రైలు మార్గం సొరంగాల్లోకి దూరుతూ, బయటపడుతూ కనిపిస్తుంది. ఆ మార్గంలో 58 సొరంగాలున్నాయి. శిమిలిగూడ స్టేషను 996 మీటర్ల ఎత్తున ఉంది. కిరండూల్ వైపు నుంచి ఇనుప ఖనిజంతో నిండిన గూడ్సు బళ్లు ఈ కొండ దిగే విశాఖ చేరతాయి. వేల టన్నులు దిగితే ఎంత శక్తి! ఈనాటి కొత్తరకం విద్యుత్ ఇంజన్లు దిగేటప్పుడు మోటార్లనే డైనమోలుగా మార్చి, ఆ శక్తిలో కొంత తీగలోకి తిరిగి పంపగలవు. మనం బ్రేకుల్లో తగలబెట్టేదాన్ని అవి దాచుకుంటాయన్నమాట.

తిరుగు ప్రయాణం

అరకులో పిల్లలు రెండు పూటలు సైకిళ్లు తొక్కారు. మూడు గేర్ల సైకిళ్లను వంతులవారీగా మార్చుకున్నారు. హెల్మెట్ లేకుండా ఎవరినీ ఎక్కనివ్వలేదు. గిరిజన గ్రామాల మట్టిదారుల్లోకి వెళ్లేముందు ఊరివాళ్లను అడిగి వెళ్లారు, వలిసె చేలల్లోకి చక్రం దించలేదు. ఒక మిట్ట దగ్గర మామూలు సైకిలు వాళ్లు దిగి నడిపించుకుంటూ వస్తుంటే, చిన్న గేరులో వాళ్ల పక్కనే అంతే నిదానంగా తొక్కుతున్న కుర్రాడు, "సగం మెట్టు, సగం మెట్టు" అని లెక్కపెట్టుకుంటున్నాడు.

మర్నాడు వ్యాను ఘాట్ దిగుతోంది. మా డ్రైవరు రెండో గేరులోనే నిదానంగా వస్తున్నాడు. ఎవరికీ తొందర లేదు. ఖాళీ నీళ్ల సీసాను పైన మూత బిగించి ఉంచాం. కిందికి వస్తున్నకొద్దీ అది చప్పిడిపోతోంది. ఒక వంపు దగ్గర ముందు లారీ వెళుతోంది. కిటికీలోంచి మాడు వాసన వచ్చింది. ముప్పై ఏళ్ల కిందటి వాసన. నాకు ఒక్కసారి గుండె ఝల్లుమంది.

వెనక సీట్లోంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "మాస్టారూ, ఆ లారీ నీళ్లు కాస్తోంది. మనం కాస్త వెనక ఉందాం."

డ్రైవరు నవ్వి, రోడ్డు వెడల్పుగా ఉన్న చోట వ్యాను పక్కకు ఆపాడు. లారీ ముందుకు వెళ్లిపోయేదాకా పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాల్లో మిగిలిన అరటిపళ్లు అయిపోయాయి.

మీరూ చేసి చూడండి

1. మీ సైకిలు ముందు, వెనక పళ్లు లెక్కపెట్టండి. చక్రం మీద సుద్దతో గుర్తుపెట్టి ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో కొలవండి. ఒక పెడలు చుట్టుకు సైకిలు ఎంత పోతుందో లెక్క కట్టండి.

2. సైకిలును స్టాండు మీద నిలిపి, ఒకరు వెనక చక్రం తొక్కుతుండగా ఇంకొకరు వెనక బ్రేకు కొద్దిగా పట్టి ఉంచండి. ఒక నిమిషం తర్వాత చక్రాన్ని పూర్తిగా ఆపి, రిమ్ము మీద ఒక నీటిచుక్క వేయండి. ఎంతసేపట్లో ఆరిందో, చల్లని రిమ్ము మీద ఎంతసేపు పట్టిందో పోల్చండి. చక్రం తిరుగుతుండగా వేళ్లు దగ్గరికి తీసుకెళ్లవద్దు.

3. మీకు దగ్గరలోని ఏదైనా ఘాట్ రోడ్డు తీసుకోండి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కిలోమీటర్లు, నిలువుగా ఎత్తు మీటర్లలో గుర్తించి దారి బొమ్మ గీయండి. సర్వే పటంలోని సమోన్నత రేఖలు దీనికి పనికొస్తాయి. గీత ఎక్కడ నిటారుగా ఉందో అక్కడ ఎర్రగీత గీయండి. కొండల్లో ఫోను సిగ్నలు అందని చోట్లుంటాయి కాబట్టి ఈ కాగితం జేబులో ఉంచుకోండి.

4. మీ ఇంట్లోని వాళ్లందరి బరువూ, వాహనం బరువూ కలిపి, ఆ ఘాట్ దిగితే ఎన్ని లీటర్ల నీళ్లు మరుగుతాయో లెక్క కట్టండి. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి, బండి నడిపేవాళ్లకు ఎక్కేముందే ఇవ్వండి.